ఎ వైట్ హెరాన్: సారా ఓర్న్ జ్యూవెట్ కథ

అమెరికన్ రచయిత్రి సారా ఓర్న్ జ్యూవెట్ 1886లో ప్రచురించిన చిన్న కథ ‘ఎ వైట్ హెరాన్’. తెలుగులో ‘తెల్ల కొంగ’ అనుకోవచ్చు. మెయిన్ రాష్ట్రంలో అడవి అంచున అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న తొమ్మిదేళ్ల పిల్ల సిల్వియా దీని కథానాయిక. అరుదైన తెల్ల కొంగ గూడు చూపించినవాళ్లకు పది డాలర్లు ఇస్తానని ఒక వేటగాడు ఆ ఇంటికి వస్తాడు. పిల్ల ఆ గూడు కనిపెడుతుంది, కానీ అతనికి చెప్పదు. జరిగేది ఇంతే.

అమెరికన్ సాహిత్యంలో డబ్బుకన్నా ప్రకృతిని మిన్నగా ఎంచిన కథ ఏదంటే చాలామంది దీని పేరు చెబుతారు. అలాగని డబ్బును చిన్నచూపు చూసే నీతికథ కాదిది. ఆ పది డాలర్లు ఆ ఇంటికి ఎంత అవసరమో రచయిత్రి దాచరు. వేటగాడిని మంచివాడిగానే నిలబెడతారు. పిల్లకు అతనిమీద ఇష్టం కూడా కలిగిస్తారు. ఇన్నీ అయ్యాకే ఆమె నోరు కట్టేస్తారు. కథ నూట నలభై ఏళ్లుగా నిలవడానికి కారణం ఈ అమరికలోనే ఉంది.

రచయిత్రి

జ్యూవెట్ 1849 సెప్టెంబరు 3న మెయిన్ రాష్ట్రంలోని సౌత్ బెర్విక్‌లో జన్మించారు. 1909 జూన్ 24న అదే ఊళ్లో కన్నుమూశారు. తాత ఓడల మీద వ్యాపారం చేసి బాగా గడించిన మనిషి. తండ్రి థియోడర్ హెర్మన్ జ్యూవెట్ ఆ చుట్టుపక్కల పల్లెలకు వైద్యుడు. చిన్నప్పటి నుంచీ కీళ్లవాతంతో బాధపడిన సారా బడి కంటే తండ్రి గుర్రబ్బండిలోనే ఎక్కువ నేర్చుకున్నారు. ఆయన రోగులను చూడడానికి వెళ్తే ఆమె వెంట వెళ్లేవారు. పొలాల మధ్య విడివిడిగా ఉండే ఇళ్లు, వాటిలో ఒంటరిగా మిగిలిన ముసలివాళ్లు, వాళ్ల యాస, మొక్కల పేర్లు, పక్షుల కూతలు, అన్నీ ఆ ప్రయాణాల్లోనే ఆమెకు పరిచయమయ్యాయి.

1869 డిసెంబరులో, ఇరవై ఏళ్ల వయసులో, ‘అట్లాంటిక్ మంత్లీ’ పత్రికలో ఆమె కథ వచ్చింది. ఆ పత్రిక సంపాదకవర్గంలో ఉన్న విలియం డీన్ హోవెల్స్ ప్రోత్సాహంతో తీరప్రాంతపు గ్రామచిత్రాలను కూర్చి 1877లో ‘డీప్‌హేవెన్’ వెలువరించారు. 1881లో వచ్చిన ‘కంట్రీ బైవేస్’ సంపుటిలో తన ప్రాంతపు నది, దారులు, చెట్ల గురించి వ్యాసాలు రాశారు. 1884లో ‘ఎ కంట్రీ డాక్టర్’ నవల, 1896లో ఆమె రచనల్లో అత్యుత్తమమని పేరుపొందిన ‘ది కంట్రీ ఆఫ్ ది పాయింటెడ్ ఫర్స్’ వచ్చాయి. 1901లో బౌడన్ కళాశాల ఆమెకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ కళాశాల నుంచి అలాంటి గౌరవం అందుకున్న తొలి మహిళ ఆమే. 1902లో, సరిగ్గా తన పుట్టినరోజునే, గుర్రబ్బండి ప్రమాదంలో గాయపడ్డాక ఆమె కథలు రాయడం దాదాపు ఆగిపోయింది.

జ్యూవెట్ పేదరికంలో పెరగలేదు. కుటుంబ ఆస్తి ఉండడంతో రాతమీదే బతకాల్సిన అవసరం ఆమెకు కలగలేదు. అయినా డబ్బు లేని ఇంట్లో డబ్బు గురించి ఎలా మాట్లాడుకుంటారో ఆమెకు బాగా తెలుసు. తండ్రి వెంట తిరిగిన ఇళ్లలో ఎక్కువ భాగం అలాంటివే.

కథా స్థలం

పంతొమ్మిదో శతాబ్ది చివరికి మెయిన్ దక్షిణ భాగం పాత వైభవం తగ్గిన ప్రాంతం. ఓడల నిర్మాణం, సముద్ర వర్తకం సన్నగిల్లాయి. రాళ్ల పొలాలను నమ్ముకోలేక కుర్రకారు పడమటి రాష్ట్రాలకో, బట్టల మిల్లులున్న పట్టణాలకో వెళ్లిపోయారు. ఊళ్లలో మిగిలింది ఎక్కువగా ముసలివాళ్లు, ఆడవాళ్లు. ఈ పరిస్థితి కథలో ఎక్కడా వివరంగా ఉండదు గాని, ప్రతి పాత్ర వెనుకా కనిపిస్తుంది. అమ్మమ్మ మిసెస్ టిల్లీ నలుగురు బిడ్డలను పోగొట్టుకుంది. మిగిలిన కొడుకు డ్యాన్ తండ్రితో పడక ఇల్లు వదిలి కాలిఫోర్నియా వెళ్లిపోయాడు. ఉత్తరాలు రాసే అలవాటు అతనికి లేదు. కూతురు రద్దీగా ఉండే మిల్లు పట్టణంలో ఇంటినిండా పిల్లలతో సతమతమవుతోంది. ఆ పిల్లల్లో ఒకతె సిల్వియా. ఏడాది కిందట అమ్మమ్మ ఆమెను ఎంచుకుని పొలానికి తెచ్చుకుంది.

పట్టణంలో ఎనిమిదేళ్లు గడిపిన పిల్లకు ఇక్కడికి వచ్చాకే ప్రాణం లేచివచ్చినట్టయింది. పట్టణం గురించి ఆమె జ్ఞాపకాల్లో రెండే రెండు గట్టిగా నిలిచాయి. ఒకటి, పొరుగింటివాళ్ల వాడిపోయిన జెరేనియం మొక్క. దాన్ని తలచుకుని ఆమె జాలిపడుతుంది. రెండోది, తనను తరిమి భయపెట్టిన ఎర్రమొహం కుర్రాడు. ఈ రెండు చిన్న వివరాలూ కథలో తర్వాత జరగబోయేదానికి పునాది వేస్తాయి. వాడుతున్న ప్రాణిని చూస్తే జాలిపడే మనసు ఒకవైపు, తరిమేవాడంటే భయం ఇంకోవైపు.

కథా సంగ్రహం

జూన్ నెల, సాయంత్రం ఎనిమిది కావస్తోంది. సిల్వియా ఆవును ఇంటికి తోలుకొస్తోంది. మిస్ట్రెస్ మూలీ అనే ఆ ఆవు పొదల్లో దాక్కుని, మెడలో గంట మోగకుండా కదలక నిలబడుతుంది. వెతకడం పిల్లకు ఆటే, తోడు పిల్లలు లేని చోట ఆ ఆవే ఆమెకు జత. చీకటి పడుతుండగా ఎవరో ఈల వేస్తారు. పక్షి కూత కాదది, మనిషి ఈల. పిల్ల గుండె జారిపోతుంది. తుపాకి భుజాన వేసుకున్న ఒక యువకుడు దారి తప్పానని, రాత్రికి ఆశ్రయం కావాలని అడుగుతాడు.

అమ్మమ్మ అతన్ని ఆదరిస్తుంది. భోజనాలయ్యాక ముగ్గురూ వెన్నెల్లో గుమ్మం దగ్గర కూర్చుంటారు. మనవరాలికి ఈ అడవిలో తెలియని జాగా లేదని, ఉడుతలు ఆమె చేతిలోంచి తింటాయని ముసలమ్మ మురిపెంగా చెబుతుంది. అతిథి చెవులు నిక్కబొడుచుకుంటాయి. తాను పక్షులను సేకరిస్తానని, చిన్నప్పటి నుంచీ పదుల కొద్దీ పక్షులను చంపి, లోపల కూరి భద్రపరిచానని చెబుతాడు. ఇప్పుడు ఒక చిన్న తెల్ల కొంగ కోసం తిరుగుతున్నాడు. ఈ ప్రాంతంలో ఎప్పుడూ కనబడని పక్షి అది. శనివారం నాడు ఇక్కడికి మూడు మైళ్ల దూరంలో దాన్ని చూశాడు. గూడు చూపించినవాళ్లకు పది డాలర్లు ఇస్తానంటాడు. సిల్వియా గుండె దడదడలాడుతుంది. అడవికి అవతల, కాలు దిగబడే నల్లటి బురద, ఏపుగా పెరిగిన రెల్లు ఉన్న చోట ఆ పక్షిని ఆమె ఒకసారి దగ్గరగా చూసింది.

మర్నాడంతా అతని వెంట అడవిలో తిరుగుతుంది. అతను పక్షుల అలవాట్ల గురించి చెబుతాడు, ఒక మడతకత్తి కానుకగా ఇస్తాడు. అతనంటే భయం పోయి అభిమానం పుడుతుంది. ఒక్కటే ఆమెకు అంతు పట్టదు. ఇంతగా ఇష్టపడే పక్షులను ఇతను ఎందుకు చంపుతున్నాడు?

అడవి చివర ఒక మహావృక్షం ఉంది. తన తరానికి చెందిన చివరి పైన్ చెట్టు. దాని కొసకు ఎక్కితే లోకమంతా కనబడుతుందని, కొంగ ఎక్కడినుంచి ఎగురుతుందో తెలిసిపోతుందని సిల్వియాకు తోస్తుంది. తెల్లవారకముందే ఒంటరిగా బయల్దేరుతుంది. పక్కనున్న ఓక్ చెట్టు ఎక్కి, దాని కొమ్మ మీదినుంచి పైన్ మీదికి మారి, పైకి పాకుతుంది. జన్మలో మొదటిసారి సముద్రాన్ని చూస్తుంది. డేగలు తన కంటే కిందుగా ఎగరడం చూస్తుంది. అప్పుడే కింద చిత్తడిలో ఒక ఎండిన హెమ్లాక్ చెట్టు దగ్గరినుంచి తెల్ల కొంగ లేచి, పైకి వచ్చి, ఆమెకు దగ్గరలోనే ఒక కొమ్మ మీద వాలుతుంది. గూటిలో ఉన్న తన జోడును పిలుస్తుంది. రహస్యం తెలిసిపోయింది.

చిరిగిన గౌను, ఒళ్లంతా పైన్ బంకతో ఇంటికి వస్తుంది. అమ్మమ్మా అతిథీ ఇద్దరూ అడుగుతారు. సిల్వియా పెదవి విప్పదు. అమ్మమ్మ కోప్పడుతుంది. అతను నిరాశగా వెళ్లిపోతాడు.

పది డాలర్ల బరువు

ఈ కథను గురించి రాసేవాళ్లు సాధారణంగా డబ్బు ఒకవైపు, ప్రకృతి ఒకవైపు పెట్టి, పిల్ల ప్రకృతిని ఎంచుకుందని తేల్చేస్తారు. మాట తప్పు కాదు. కానీ జ్యూవెట్ ఆ ఎంపికను అంత సులువుగా ఉండనివ్వలేదు. పది డాలర్ల మాట విన్న రాత్రి సిల్వియా పక్కమీద పడుకుని, ఆ డబ్బుతో తాను కోరుకున్నవి ఎన్ని కొనుక్కోవచ్చో లెక్కపెడుతూ ఎటూ తేల్చుకోలేకపోతుంది. అతను ఆ మొత్తాన్ని ఏదో చిన్న విషయంలా అనేశాడని కథకురాలు ఒక్క మాటలో గుర్తు చేస్తారు. ఒకరికి సరదా ఖర్చు, ఇంకొకరికి కలలో కూడా అందని సొమ్ము.

చివరి ఘట్టంలోనూ ఈ లెక్క మరుగున పడదు. అతను తమను డబ్బుతో ఆదుకోగలడని, మాట ఇచ్చాడని, తాము పేదవాళ్లమని సిల్వియాకు ఆ క్షణాన స్పష్టంగా తెలుసు. అందువల్ల ఆమె మౌనం తెలియనితనం కాదు. ఇంటికి రాబోయే మేలును తెలిసి వదులుకోవడం. అమ్మమ్మ కోపానికీ న్యాయం ఉంది. ఆమె అత్యాశపరురాలు కాదు. దారి తప్పిన అపరిచితుడికి అన్నం పెట్టిన మనిషి, కొడుకు తోడు లేకుండా ఇల్లు నెట్టుకొస్తున్న మనిషి. పిల్ల ఆమె ముందు తలవంచుకుని నిలబడాల్సి వస్తుంది.

డబ్బు కంటే బలమైన ఆశ ఇంకొకటి ఉంది. పిల్లకు ఇంతవరకూ తన జ్ఞానాన్ని అడిగి తెలుసుకున్నవాళ్లు లేరు. అతను అడిగాడు. పెద్ద ప్రపంచం మొదటిసారి ఆమె వైపు చెయ్యి చాచింది. పక్షి కోసం దాన్ని తోసిపుచ్చాలా అని కథకురాలే ఆశ్చర్యంగా అడుగుతారు. అంటే సిల్వియా వదులుకున్నవి రెండు: ఇంటికి డబ్బు, తనకు స్నేహం. రెండోది పోయిన బాధ ఎక్కువ కాలం ఉంటుందని కథ చివర సూచన ఉంది. తర్వాత ఎన్నో సాయంత్రాలు ఆవును తోలుకొచ్చేటప్పుడు అతని ఈల వినిపించినట్టే ఆమెకు తోస్తుంది.

వేటగాడు, అతని శాస్త్రం

నేటి పాఠకుడికి ఆ యువకుడు వింతగా కనిపిస్తాడు. పక్షులంటే ప్రాణం, చేతిలో తుపాకి. కానీ 1886లో పక్షిశాస్త్రం అలాగే నడిచేది. పక్షిని గుర్తించాలంటే చేతిలోకి తీసుకుని చూడాలి, తీసుకోవాలంటే కాల్చాలి. ఎలియట్ కూస్ 1874లో రాసిన క్షేత్ర పక్షిశాస్త్ర గ్రంథం తుపాకి ఎంపిక దగ్గరే మొదలై, చర్మం ఒలిచి కూరే పద్ధతి దాకా అన్నీ నేర్పింది. పక్షుల చిత్రకారుడిగా ప్రఖ్యాతి పొందిన జాన్ జేమ్స్ ఆడుబాన్ కూడా పక్షులను కాల్చి, తీగలతో నిలబెట్టి బొమ్మలు వేసినవాడే. కథలోని యువకుడు ఈ సంప్రదాయంలోంచి వచ్చాడు. దుర్మార్గుడు కాదు, మర్యాదస్థుడు, విద్యావంతుడు, దయగలవాడు.

జ్యూవెట్ అతని పక్కన డ్యాన్‌ను పెట్టారు. డ్యాన్ కూడా వేటగాడే. అతను ఇంట్లో ఉన్నన్నాళ్లూ పక్షి మాంసానికీ ఉడుతలకూ లోటు లేదని తల్లి గుర్తు చేసుకుంటుంది. ఆ వేట కడుపు కోసం. ఈ యువకుడి వేట అల్మారా కోసం. వేట మొత్తాన్నీ ఒకే గాటన కట్టకుండా కథ ఈ తేడాను చూపి ఊరుకుంటుంది. ఇష్టం ఎక్కడ స్వాధీనంగా మారుతుందన్నదే దానికి కావలసిన ప్రశ్న. పిల్ల దగ్గరున్న జ్ఞానం అదే పక్షుల గురించే. అయితే అది వాటితో కలిసి తిరగడం వల్ల వచ్చింది, వాటికి ప్రాణహాని లేకుండా వచ్చింది.

ఈ రెండో రకం జ్ఞానానికి పుస్తకాల్లో చోటు దొరకడానికి ఎక్కువ కాలం పట్టలేదు. కథ వచ్చిన మూడేళ్లకు, 1889లో, ఫ్లోరెన్స్ మెరియమ్ నాటకశాలల్లో వాడే చిన్న దుర్భిణితో పక్షులను చూడడమెలాగో చెబుతూ పుస్తకం రాశారు. 1900 క్రిస్మస్ నాడు ఫ్రాంక్ చాప్‌మన్ పండగపూట పక్షులను వేటాడే ఆనవాయితీకి బదులు వాటిని లెక్కపెట్టే కార్యక్రమం మొదలుపెట్టారు. అది నేటికీ సాగుతోంది.

టోపీల మీద ఈకలు

కథలోని తెల్ల కొంగకు కథ బయట పెద్ద ధర ఉండేది. గుడ్లు పెట్టే కాలంలో కొంగల వీపుమీద సన్నని, మెత్తని కుచ్చు ఈకలు వస్తాయి. అమెరికా, యూరప్ పట్టణాల్లో ఆడవాళ్ల టోపీలకు వాటిని గుచ్చడం ఆనాటి మోజు. ఆ ఈకలు గూడు కట్టే కాలంలోనే ఉంటాయి కాబట్టి వేటగాళ్లు గూళ్ల దగ్గరే పక్షులను కాల్చేవారు. తల్లీతండ్రీ పోయాక గూటిలోని పిల్లలు ఆకలితో చచ్చేవి. శతాబ్ది మలుపుకు ఔన్సు కొంగ ఈకల ధర ఔన్సు బంగారం ధరను దాటింది.

1886 ఈ విషయంలో గుర్తుంచుకోవలసిన సంవత్సరం. న్యూయార్క్ వీధుల్లో రెండుసార్లు నడిచి ఫ్రాంక్ చాప్‌మన్ ఆడవాళ్ల టోపీలు లెక్కపెట్టారు. 700 టోపీల్లో 542 మీద పక్షుల ఈకలో, భాగాలో ఉన్నాయి. అవి 40 జాతుల పక్షులవి. అదే ఏడు ‘ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్’ పత్రిక సంపాదకుడు జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ పక్షుల రక్షణ కోసం తొలి ఆడుబాన్ సంఘాన్ని ప్రారంభించారు. జ్యూవెట్ స్నేహితురాలు, కవయిత్రి సీలియా థాక్స్‌టర్ మరుసటి ఏడు ఆడుబాన్ పత్రికలో ఈకల టోపీలు పెట్టుకునే ఆడవాళ్లను గట్టిగా మందలిస్తూ వ్యాసం రాశారు. గ్రిన్నెల్ సంఘం కొద్దికాలానికే మూతపడినా, 1896లో బోస్టన్‌కు చెందిన హారియెట్ హెమెన్‌వే, మినా హాల్ మసాచుసెట్స్ ఆడుబాన్ సంఘంతో ఉద్యమాన్ని మళ్లీ నిలబెట్టారు. పక్షుల రక్షణకు 1900లో లేసీ చట్టం, 1918లో వలస పక్షుల ఒప్పంద చట్టం వచ్చాయి. ఈ మధ్యలో, 1905లో, ఫ్లోరిడాలో కొంగల గూళ్లకు కాపలా కాసే గై బ్రాడ్లీ ఈకల వేటగాళ్ల తుపాకికి బలయ్యాడు.

ఈ వ్యాపారం ఇండియా దాకా పాకింది. మన చెరువుల్లో, వరిమళ్లలో తిరిగే చిన్న తెల్ల కొంగ అమెరికాలోని మంచుకొంగకు (స్నోయీ ఈగ్రెట్) దగ్గరి చుట్టం, దాని ఈకలకూ అదే గిరాకీ. 1902లో ఆనాటి భారత ప్రభుత్వం అడవి పక్షుల ఈకల ఎగుమతిని నిషేధించింది.

కథలో టోపీల ప్రస్తావన ఎక్కడా లేదు. యువకుడు వ్యాపారి కాదు, ఈకలమ్ముకునేవాడూ కాదు. జ్యూవెట్ తేలిక దారి వదిలేసిన చోటు ఇది. ఈకల వ్యాపారిని ప్రతినాయకుడిగా పెడితే పాఠకుడికి ఆలోచించే పని ఉండేది కాదు. శాస్త్రాభిమానిని పెట్టడంతో, మంచి ఉద్దేశంతో చేసే సేకరణ కూడా గూటికి చేటేనన్న సంగతి బయటపడుతుంది.

కొంగ ఏ జాతిది అన్న చర్చ కూడా ఉంది. యువకుడి మాటల్ని బట్టి అది మంచుకొంగ అని చాలామంది భావిస్తారు. ఆ కాలంలో అది దక్షిణాదికి చెందిన పక్షి. ఏదో వేటపక్షి తరిమితే ఇంత ఉత్తరానికి వచ్చి ఉంటుందని కథలోని యువకుడే ఊహిస్తాడు. మిల్లు పట్టణం నుంచి తప్పించుకుని వచ్చిన పిల్లకూ, తన చోటు వదిలి వచ్చిన పక్షికీ మధ్య పోలికను పాఠకుడు తనంతట తానే గమనించవచ్చు.

పైన్ చెట్టు

కథలో మూడో ముఖ్యపాత్ర చెట్టు. తెల్ల పైన్ న్యూ ఇంగ్లండ్ చరిత్రలో చాలా విలువైన కలప. బ్రిటిష్ పాలనలో రాచ నౌకాదళపు ఓడల తెరచాప స్తంభాల కోసం నిటారైన పెద్ద పైన్‌లను ఎంచి, గొడ్డలితో బాణం గుర్తు వేసి, ఇతరులు కొట్టకుండా నిషేధించారు. 1691 నాటి మసాచుసెట్స్ శాసనపత్రంలో 24 అంగుళాలకు మించిన మాను గల చెట్లకు ఈ నియమం ఉంది. మెయిన్ అప్పుడు మసాచుసెట్స్ కిందే ఉండేది. తర్వాత రెండు శతాబ్దాల పాటు కలప వ్యాపారం ఆ అడవులను నరికేసింది.

కథలోని చెట్టు ఆ నరికివేతలో మిగిలినది. హద్దు గుర్తుగా వదిలారో, మరెందుకో చెప్పగలవాళ్లెవరూ బతికి లేరు. దాని తోడి చెట్లను కొట్టినవాళ్లూ పోయారు. సముద్రం మీదివాళ్లకూ నేలమీదివాళ్లకూ అది దూరానికే కనబడే ఆనవాలు. పిల్ల ఎక్కుతున్నప్పుడు ఈ పిడికెడు ప్రాణి తన మీద పాకుతోందేమిటని చెట్టు ఆశ్చర్యపోయినట్టు, ఆమె పడిపోకుండా కొమ్మలను నిలిపి గాలిని ఆపినట్టు జ్యూవెట్ రాస్తారు. అంతవరకూ వాస్తవికంగా సాగిన కథ ఇక్కడ గొంతు మారుస్తుంది. చెట్టు పిల్లను కాపాడింది, పిల్ల కొంగను కాపాడింది. డబ్బు చేతులు మారకుండా జరిగిన ఇచ్చిపుచ్చుకోవడం ఇది.

కథనశిల్పం

కథ రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది సాయంత్రం, రాత్రి, మరుసటి పగలు. రెండోది ఒక వేకువ. మొదటి భాగంలో అందరూ మాట్లాడతారు, అందులో అమ్మమ్మ మాటలే ఎక్కువ. మెయిన్ పల్లెయాసను జ్యూవెట్ ఆమె నోట అక్షరాలు విరిచి రాశారు. యువకుడిది చదువుకున్న పట్టణ భాష. సిల్వియా అతి తక్కువ మాట్లాడుతుంది. రెండో భాగంలో మాటలు దాదాపు ఉండవు. కథ మొత్తం మాటల నుంచి మౌనానికి నడుస్తుంది కాబట్టి చివర ఆమె మౌనం హఠాత్తుగా అనిపించదు.

కథకురాలి చోటు కూడా మారుతూ ఉంటుంది. భూతకాలంలో సాగే కథ ఉన్నట్టుండి వర్తమానంలోకి వస్తుంది. కొంగ కనబడే క్షణంలో కథకురాలు పిల్లతోనే మాట్లాడుతూ, కదలొద్దని, కళ్లతో చూపుబాణం కూడా వేయొద్దని వారిస్తుంది. వాస్తవిక కథా మర్యాద ప్రకారం ఇది తప్పు. అయినా ఆ ఒక్క వాక్యంతో పాఠకుడు కూడా చెట్టు మీద ఊపిరి బిగబట్టుకుని ఉండిపోతాడు. ముగింపులో కథకురాలు ప్రశ్న వేస్తుంది గాని జవాబివ్వదు. పక్షులు ఆ వేటగాడి కంటే మంచి నేస్తాలయ్యాయో లేదో ఎవరు చెప్పగలరని అడిగి, ఈ ఒంటరి పల్లెపిల్లకు నీ కానుకలు నువ్వే ఇవ్వమని అడవిని, ఋతువును వేడుకుంటుంది. పిల్ల నిర్ణయం సరైనదేనన్న నమ్మకం ఉన్నచోట వేడుకోవలసిన పని ఉండదు. నష్టం జరిగిందన్న ఎరుక ఉంది కాబట్టే ఆ ప్రార్థన.

ప్రచురణ

కథ ముందుగా ఏ పత్రికలోనూ రాలేదు. 1886లో బోస్టన్‌లోని హౌటన్ మిఫ్లిన్ సంస్థ ప్రచురించిన ‘ఎ వైట్ హెరాన్ అండ్ అదర్ స్టోరీస్’ సంపుటిలో మొదటి కథగా నేరుగా వెలువడింది. ఈ కాలానికి ఊహాప్రధానమైన కథలు నచ్చవని హోవెల్స్ అభిప్రాయమని, ఇది మంచి పత్రిక కథ కాకపోవచ్చు గాని తనకు ప్రాణమని, పుస్తకానికి ముందు దీన్నే పెడతానని జ్యూవెట్ తన ఆప్తురాలు ఆనీ ఫీల్డ్స్‌కు ఉత్తరంలో రాశారు. వాస్తవికవాదానికి అప్పట్లో అమెరికాలో పెద్దదిక్కు హోవెల్సే. ఆయన శిక్షణలో పెరిగిన రచయిత్రి ఈ కథలో ఆ గీత దాటారు.

విమర్శకుల దృష్టిలో

చాలాకాలం జ్యూవెట్‌ను ‘ప్రాంతీయ వర్ణన’ రచయితల కోవలో, కొద్ది తక్కువ స్థాయిలో ఉంచారు. 1925లో విల్లా కేథర్ ఆమె ఉత్తమ కథలను రెండు సంపుటాలుగా కూర్చి ముందుమాట రాశారు. 1929లో ఎఫ్. ఓ. మాథీసన్ జీవితచరిత్ర ప్రచురించారు. 1970ల తర్వాత స్త్రీవాద విమర్శకులు ఈ కథను కొత్తగా చదివారు. పిల్లను ఆకట్టుకుని ఆమెకు తెలిసినదాన్ని తన సొత్తు చేసుకోబోయిన మగవాడిగా వేటగాడిని, అతనికి లొంగని ఆడపిల్లగా సిల్వియాను చూశారు. ఎలిజబెత్ ఆమన్స్ 1986లో ఈ కోణంలో రాసిన వ్యాసం ప్రసిద్ధం. లూయీ రెంజా 1984లో ఈ ఒక్క కథ మీదే పుస్తకం రాసి, ‘చిన్న సాహిత్యం’ అని దేన్ని, ఎందుకు అంటున్నామన్న ప్రశ్న లేవదీశారు.

తర్వాత పర్యావరణ విమర్శ వచ్చింది. కొంగ మనుషుల కోసం ఉన్న ప్రతీక మాత్రమేనా, తనకంటూ బతుకున్న జీవి కూడానా అని ఆ విమర్శకులు అడుగుతారు. కథలో కొంగ జోడును పిలుస్తుంది, ఈకలు సవరించుకుంటుంది, క్యాట్‌బర్డ్ పక్షుల కోలాహలానికి విసిగి ఎగిరిపోతుంది. పిల్ల తన కోసం ఏం వదులుకోబోతోందో దానికి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ప్రకృతికి విలువ ఇవ్వడమంటే అది తిరిగి ఏదో ఇస్తుందని కాదన్న భావం ఈ వివరాల్లోంచే వస్తుంది.

అభ్యంతరాలు కూడా ఉన్నాయి. పేదపిల్ల త్యాగాన్ని సంపన్నురాలైన రచయిత్రి అందంగా చూపించారని, అమ్మమ్మ అవసరాన్ని కథ తొందరగా పక్కకు నెట్టేసిందని కొందరు పాఠకులకు అనిపిస్తుంది. ఆ ఇంటి పేదరికాన్ని చివరి పేరాల్లో మళ్లీ గుర్తు చేసింది రచయిత్రే కాబట్టి, ఈ అభ్యంతరానికి ఆధారం కూడా కథలోనే దొరుకుతుంది.

అనుసరణలు, నేటి స్థానం

1963లో బార్బరా కూనీ బొమ్మలతో ఈ కథ పిల్లల పుస్తకంగా వచ్చింది. 1978లో జేన్ మారిసన్ దీన్ని లఘుచిత్రంగా తీశారు. సౌత్ బెర్విక్‌లోని జ్యూవెట్ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. ‘హిస్టారిక్ న్యూ ఇంగ్లండ్’ సంస్థ దాన్ని నిర్వహిస్తోంది. మంచుకొంగ విషయానికొస్తే, రక్షణ చట్టాల తర్వాత దాని సంఖ్య మళ్లీ పెరిగి, ఇరవయ్యో శతాబ్దంలో మెయిన్ తీరంలోనూ గూళ్లు కట్టడం మొదలుపెట్టింది.

అమెరికన్ కథాసంకలనాల్లో ‘ఎ వైట్ హెరాన్’ ఇవాళ దాదాపు తప్పనిసరి. అడవిని, చెరువును, కొండను వాటివల్ల వచ్చే ఆదాయంతో కొలిచే వాదన ఎదురైన ప్రతిచోటా ఈ కథను తరగతి గదిలోకి తెస్తుంటారు. అయితే అది ఆ వాదనకు లెక్కతో జవాబు చెప్పదు. గూడు ఖరీదు పది డాలర్ల కంటే ఎక్కువని సిల్వియా అనలేదు. దానికి ఖరీదు కట్టే బేరంలోకే ఆమె దిగలేదు. ఆ పని చేసినందుకు ఏం పోగొట్టుకుందో మాత్రం కథ దాచలేదు.